చిరునామా లేని దీపాలు



రాయగడలో మా ఇల్లు నాగావళికి ఎంతో దూరం కాదు. చలికాలం వచ్చిందంటే, పొద్దు గూకగానే మేడ మీద ఆరబోసిన మిరపకాయలు కిందికి తేవడం మా ఆవిడ నాకు అప్పగించిన పని. అలా ఓ సాయంత్రం దుప్పటి నాలుగు కొసలూ కూడదీసి మూట కడుతూ తలెత్తేసరికి, పడమటి నుంచి దీపాలు వస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు. దండకు గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా, చప్పుడన్నది లేకుండా వస్తున్నాయి. ముప్పయి దాకా లెక్కపెట్టి వదిలేశాను. నడినెత్తి దాటి ఈశాన్యం వైపు పోతూ పోతూ, కొండ దాకా పోకుండానే, ఎవరో స్విచ్చి నొక్కినట్టు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

పక్క మేడ మీద నుంచి పక్కింటి అత్త కేకేసింది. "ఒలమ్మో, ఏటి బాబూ అది? ఆకాసంలో రైలేటి?"

రెండు నిమిషాల్లో వీధి వీధంతా మేడలెక్కింది. చైనావాడి డ్రోన్లని ఒకడు. కాదు, మల్కన్‌గిరి అడవుల్లోకి పోతున్న పోలీసు డ్రోన్లని ఇంకొకడు. బాలాసోర్ నుంచి రాకెట్టు వేశారని మూడోవాడు. కొండ మీద మజ్జిగౌరమ్మ తల్లి సంచారమని ఒక ముసలమ్మ చేతులు జోడించింది. ముప్పయ్యేళ్ళు బడిలో సైన్సు చెప్పిన మాస్టార్ని కదా, అందరూ చివరికి నా మొహం చూశారు. నాకు తెలియలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "ఉల్కలు" అనేశాను. ఉల్క అన్నది అలా వరస కట్టి నడవదని నేనే ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో!

తెల్లారి అసలు సంగతి తెలిసింది. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఇంటర్నెట్ కోసం ఇలాన్ మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ పంపుతున్నవి. 2019 మేలో మొదటి విడతగా 60 పంపారు. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. రాకెట్టు ఒక్కో విడతను మూడు వందల కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో వదిలిపెడుతుంది. అక్కడి నుంచి అవి మెల్లగా ఐదు వందల కిలోమీటర్ల ప్రాంతం దాకా ఎక్కి, దూరం దూరంగా సర్దుకుంటాయి. ఎక్కే ఆ కొద్దిరోజులూ దండలాగా కనిపిస్తాయి. మనకు చీకటి పడ్డా, అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండ వాటి మీద పడి మెరుస్తాయి. భూమి నీడలోకి వెళ్ళగానే మాయమైపోతాయి. ఎవరో స్విచ్చి నొక్కినట్టు అన్నానే, ఆ స్విచ్చి ఇదే.

మన దేశంలో 2021 డిసెంబరులో పంజాబ్ జనం, 2022 సెప్టెంబరులో లక్నో చుట్టుపక్కల జనం ఇదే దండను చూసి మా వీధివాళ్ళలాగే తలో మాటా అన్నారు. కాబట్టి ఉల్కలన్నందుకు నేను మరీ కుమిలిపోనక్కర్లేదు. కానీ ఆ రాత్రి నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆకాశంలో తెలియనిది కనిపించినప్పుడు మనకు చెప్పాల్సిందెవరు? ఎప్పుడు చెప్పాలి? ఈ ప్రసంగమంతా దాని చుట్టూనే.

ముందు మన ఆకాశం ఎలాంటిదో చూద్దాం. కొరాపుట్, రాయగడ కొండల మీద ఎగిరేవి మైదానపు జిల్లాల కంటే తక్కువేం కాదు. సునాబేడాలో యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్ఏఎల్ కర్మాగారం ఉంది. మిగ్ ఇంజన్లతో మొదలై ఇప్పుడు సుఖోయ్ ఇంజన్ల దాకా వచ్చింది. జయపురం విమానాశ్రయం నుంచి 2022 చివర్లో తొమ్మిది సీట్ల చిన్న విమానం భువనేశ్వర్‌కు తిరగడం మొదలుపెట్టింది. అడవి గాలింపులకు హెలికాప్టర్లు వస్తాయి. గంజాయి తోటల్ని పైనుంచి వెతికే డ్రోన్లున్నాయి. దేవ్‌మాలి శిఖరం మీద, 1,672 మీటర్ల ఎత్తున, పెళ్ళికి ముందు ఫొటోలని కుర్రాళ్ళు ఎగరేసే డ్రోన్లున్నాయి. వీటిలో ఏది ఏదో, రాత్రిపూట, కింద నుంచి, ఎవరు చెప్పగలరు?

పైగా భయం ఊరకే పుట్టదు. 2025 మే 7న దేశమంతా పౌరరక్షణ మాక్ డ్రిల్ జరిపినప్పుడు, ఒడిశాలో ఎంచుకున్న పన్నెండు చోట్లలో కొరాపుట్ పేరుంది. సైరన్ మోగితే ఏం చెయ్యాలి, దీపాలు ఎలా ఆర్పాలి అని చెప్పారు. అది విన్నాక మరుసటి వారం ఆకాశంలో మిణుకుమన్న ప్రతిదాన్నీ జనం అనుమానంగానే చూస్తారు. చూడరూ మరి?

మా తాతకూ ఈ అనుమానం ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు ఆయన అక్కడ మోతకూలీ. సముద్రం వైపు నుంచి వస్తుంటే మొదట ఎవరూ పరిగెత్తలేదట. "మనవే అనుకున్నాం రా గుంటా" అనేవాడు. ఆ తరవాత నగరం ఖాళీ అయింది, ఈయన నడుచుకుంటూ గుణుపురం చేరాడు. చచ్చేదాకా విమానం చప్పుడు వినిపిస్తే చేస్తున్న పని ఆపేసి పైకి చూసేవాడు. ఎవరిదో తెలిసేదాకా తల దించేవాడు కాదు.

ఆ తాత కళ్ళంలోనే నేను మొదటిసారి ఆకాశం నుంచి పడిన వస్తువును చూశాను. వంశధార ఒడ్డున, వరి నూర్పుల రోజులు. పొద్దున్నే వెళ్ళేసరికి గడ్డివాము మీద తెల్లటి చిన్న పెట్టె, దానికి పొడుగాటి దారం, దారం చివర చినిగిన రబ్బరు తోలు. పాలికాపు దాన్ని ముట్టుకోనన్నాడు. తాత మాత్రం కర్రతో కిందికి లాగాడు. పెట్టె మీద ఇంగ్లీషులో ఏదో కాగితం అంటించి ఉంది. బడి మాస్టార్ని పిలిపించి చదివించారు. వాతావరణం వాళ్ళ పనిముట్టు, ప్రమాదం లేదు అని ఆయన చెప్పాడు. అంతే, భయం పోయింది. మధ్యాహ్నానికల్లా దారం గాలిపటానికి, పెట్టె మా నాయనమ్మ కోడిపిల్లలకు పనికొచ్చాయి.

రేడియోసాండ్ అంటారు దాన్ని. వాతావరణ శాఖ కేంద్రాల్లో ఉదయం, సాయంత్రం అయిదున్నర గంటల వేళకు హైడ్రోజన్ బెలూన్ కట్టి పైకి వదులుతారు. పైకి పోయేకొద్దీ వేడి, తేమ, గాలి ఒత్తిడి ఎంతున్నాయో రేడియోలో కిందికి చెబుతూ పోతుంది. ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో బెలూన్ ఉబ్బి ఉబ్బి పగులుతుంది, పెట్టె కింద పడుతుంది. మనకు దగ్గర్లో జగదల్‌పూర్‌లో అలాంటి కేంద్రం ఉంది, జయపురానికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. చలికాలంలో పై గాలులు పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తాయి. అంటే అక్కడ వదిలింది మన కొండల్లోకే వస్తుంది. సాయంత్రం వదిలిన బెలూన్ పైకి పోతూ ఎండ తగిలి కాసేపు ముత్యంలా మెరుస్తుంది. నిలబడ్డట్టే ఉంటుంది, కదులుతూనే ఉంటుంది. తెలియనివాడికి అంతకంటే పెద్ద వింత ఏముంది?

ఆ చిన్న పెట్టె కథ, పెద్ద రూపంలో, మన తెలుగునాట వికారాబాద్ జిల్లాలో మళ్ళీ జరిగింది. 2022 డిసెంబరు 7. మర్పల్లి మండలం మొగిలిగుండ్ల. పొద్దున పొలాల్లోకి వెళ్ళినవాళ్ళకు, గుండ్రంగా, మనిషి పట్టేంత, సినిమాల్లో చూపించే అంతరిక్ష నౌకలాంటిది పైనుంచి దిగి కనిపించింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పొలాలకు అడ్డంపడి వచ్చాయి. గ్రహాంతరవాసులే దిగారన్నారు. లోపల మనిషి ఉన్నాడన్నారు. సెల్‌ఫోన్లలో ఆ బొమ్మలు సాయంత్రానికి మా రాయగడ దాకా వచ్చాయి. పోలీసులు వచ్చారు, అధికారులు వచ్చారు, విషయం తేలింది. స్పెయిన్ దేశపు హాలో స్పేస్ అనే కంపెనీ, ముందు ముందు డబ్బున్న యాత్రికుల్ని బెలూన్‌లో ఆకాశపు అంచుదాకా తీసుకెళ్దామని, ఖాళీ గదిని పరీక్షకు పంపింది. పంపింది ఎక్కడి నుంచి? హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి. ఈసీఐఎల్ దగ్గర అర్ధశతాబ్దంగా ఉన్న కేంద్రమది.

ఈ వికారాబాద్ జిల్లా సంగతి తమాషాగా ఉంటుంది. ఏడాది పైచిలుకు ముందు, 2021 సెప్టెంబరు 11న, డ్రోన్లతో మందులూ టీకాలూ పంపే ప్రయోగం మన దేశంలో మొదటగా మొదలుపెట్టింది అక్కడే. అప్పుడు మంత్రులు వచ్చారు, రిబ్బన్లు కట్ చేశారు, డ్రోన్‌ను చూసి జనం చప్పట్లు కొట్టారు. అదే జిల్లాలో, అంతకంటే మెత్తగా, మనిషికి ఏ హానీ చెయ్యకుండా పారాచూట్ మీద దిగిన గదిని చూసి హడలిపోయారు. తేడా అల్లా ఒక్కటే. మొదటిదాని గురించి ముందే చెప్పారు. రెండోదాని సంగతి ఆ పొలం రైతుకు అది దిగాకే తెలిసింది.

అయితే బెలూన్ కేంద్రం నడిపే ఆ టాటా సంస్థకు చెప్పే అలవాటు లేదనుకోకండి. ఈ దేశంలో ఆకాశం గురించి ఇచ్చే ప్రభుత్వ ప్రకటనల్లో నాకు బాగా నచ్చింది వాళ్ళదే. శీతాకాలం బెలూన్లు ఎగరేసే ముందు జిల్లాలకు ఒక నోటీసు పంపుతారు. పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు, యాభై నుంచి ఎనభై అయిదు మీటర్ల అడ్డకొలత, ముప్పై నుంచి నలభై రెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి, పనిముట్లు రంగుల పారాచూట్ల మీద దిగుతాయి, విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్ గీత పొడవునా ఎక్కడైనా పడవచ్చు అని రాస్తారు. దొరికినవాళ్ళు ముట్టుకోవద్దు, విప్పొద్దు, కొన్నింటిలో హైవోల్టేజి ఉంటుంది, దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చెయ్యండి అంటారు. ఆ తరవాతి మాట వినండి. కబురు చేసినవాళ్ళకు బహుమతి ఇస్తాం, టెలిగ్రామ్, ఫోను, రవాణా ఖర్చు కూడా ఇస్తాం, కానీ విప్పి చూసినట్టు తెలిస్తే బహుమతి లేదు!

ఇందులో ఎంత లోకజ్ఞానం ఉందో చూడండి. పల్లెటూరివాడు పెట్టె విప్పుతాడని వాళ్ళకు తెలుసు. మా నాయనమ్మ కోడిపిల్లల సంగతి తెలిసినవాళ్ళే రాసినట్టుంది. భయపడకండి అని ఉత్త మాట చెప్పకుండా, ఏమిటిది, ఎవరిది, ఎవరికి చెప్పాలి, చెబితే నీకేమిటి అని నాలుగూ ఒక్క కాగితంలో పెట్టారు. కాకపోతే ఆ కాగితం మొగిలిగుండ్ల పొలం దాకా నడిచి వచ్చినట్టు లేదు. కలెక్టరాఫీసుకు చేరిన నోటీసు ఊరి చావిడి దాకా వెళ్ళడమే ఈ దేశంలో ఇప్పటికీ అతి దూరప్రయాణం.

మాటల్లో మాట. గ్రహాంతర జీవులన్నారు కదా, ఆ వెతుకులాట నిజంగానే ఆ బెలూన్ కేంద్రం నుంచి జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మరికొందరు కలిసి, 2001లోనూ 2005లోనూ హైదరాబాద్ నుంచి బెలూన్ పంపి, నలభై ఒక్క కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిని స్టీలు గొట్టాల్లో పట్టి తెచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీ ప్రయోగశాలలోనూ పుణేలోనూ పరీక్షించారు. అంతకుముందు ఎవరూ చూడని మూడు రకాల బాక్టీరియా దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఫ్రెడ్ హోయిల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త పేరు పెట్టారు. ఇవి వేరే లోకం నుంచి వచ్చాయని రుజువు కాలేదు అని అదే ప్రకటనలో నిక్కచ్చిగా రాశారు. తెలిసినంత చెప్పి తెలియనిచోట ఆగారు. ఉల్కలు అనేసిన నాబోటి మాస్టారు అక్కడ పాఠం నేర్చుకోవాలి.

మొగిలిగుండ్ల సంగతి జరిగిన ఎనిమిది రోజులకే ఇంకో వింత. డిసెంబరు 15 సాయంత్రం, ఆరు గంటల లోపు. కలకత్తా, బాంకుడా, మేదినీపూర్ జనానికి ఆకాశంలో టార్చిలైటు వేసినట్టు పొడవాటి తెల్లటి కాంతి, విసనకర్రలా విచ్చుకుంటూ, కొన్ని నిమిషాలు కనిపించింది. ఈసారి మా వీధిలో రాకెట్టన్న మూడోవాడి మాట నిజం. ఒడిశా తీరంలో అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని 5 క్షిపణిని చీకటివేళ పరీక్షించారు. చీకటి పడే వేళ క్షిపణి వంద కిలోమీటర్లు దాటితే, దాని తోక వెంట వచ్చే పొగ ఎండలోకి వెళుతుంది. గాలి లేనిచోట పొగకు అడ్డేముంది? ఎటుపడితే అటు పరుచుకుంటుంది. కింద మనం చీకట్లో ఉన్నాం, పైన అది వెలుగులో ఉంది. నట్టనడి రాత్రి పరీక్షిస్తే అంత హంగామా ఉండదు.

అగ్ని పరీక్ష రహస్యమేమీ కాదు. బంగాళాఖాతం మీద ఫలానా రోజుల్లో ఫలానా దూరం దాకా విమానాలు రావద్దని ముందే నోటీసు ఇస్తారు. నోటామ్ అంటారు దాన్ని. పైలట్లు చదువుతారు, ఓడలవాళ్ళు చదువుతారు, పక్కదేశాలవాళ్ళు మరీ శ్రద్ధగా చదువుతారు. చదవనిది ఆ కాంతి కింద నిలబడ్డ మనమే. శత్రువుకు తెలిసింది సొంత ఊరివాడికి తెలియకపోవడం నాకెప్పుడూ కొరుకుడు పడదు.

అధికారులకు అన్నీ తెలుసు, మనకే చెప్పరు అనుకునేవాళ్ళున్నారు. అదీ అన్ని వేళలా నిజం కాదు. లద్దాఖ్‌లో మన సైన్యం 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా, చైనా సరిహద్దు సరస్సు మీద వెలుగుతూ పోయే వస్తువుల్ని లెక్క రాసింది. 329 సార్లు కనిపించాయి, అందులో 155 సార్లు మన వైపుకు చొరబడ్డాయి అని. గూఢచారి డ్రోన్లని అనుమానం. చివరికి బెంగళూరు భారతీయ ఖగోళ భౌతిక సంస్థవాళ్ళను పిలిచి అడిగితే, వాళ్ళు లెక్కలు వేసి తేల్చారు. ఒకటి గురుగ్రహం, రెండోది శుక్రుడు. రాత్రుళ్ళు గడ్డకట్టే చలిలో కాపలా కాసిన జవాన్లను చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. అంత ఎత్తున, దుమ్ములేని గాలిలో, శుక్రుడు మన దగ్గర కనిపించినట్టు కనిపించడు. కానీ మా నాయనమ్మను అడిగి ఉంటే వేగుచుక్క అని ఒక్క మాటలో చెప్పేసేది.

ఇంఫాల్ విమానాశ్రయంలో 2023 నవంబరు 19 మధ్యాహ్నం ఇంకోరకం. ఏదో వస్తువు ఎగురుతూ కనిపించిందని మూడు గంటల పాటు విమానాలు ఆపేశారు. రెండింటిని దారి మళ్ళించారు. వాయుసేన రఫేల్ విమానాల్ని పంపి గాలించింది. ఏమీ దొరకలేదు. దొరకలేదని చెప్పారు కూడా. ఆ పూట ఆలస్యమైన ప్రయాణికులు తిట్టుకుని ఉంటారు గానీ, తెలియని వస్తువు ఉన్నప్పుడు విమానం దించకపోవడమే సరైన పని.

మనవాళ్ళకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం అంతా రాత్రుళ్ళు ఆకాశం చూస్తూ కూర్చుంది. ఆ రాష్ట్రంలోని ఎడిసన్ ఊళ్ళో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మా చిన్నల్లుడు అక్కడి నుంచే వీడియోకాల్ చేసి, "మావయ్యా, మా ఇంటి మీద డ్రోన్లు తిరుగుతున్నాయి" అని కెమెరా పైకెత్తాడు. ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి మినుకుమన్నాయి. విమానానికి ఎడమ రెక్కకు ఎర్రదీపం, కుడి రెక్కకు పచ్చదీపం ఉంటాయి బాబూ అని చెప్పాను. నమ్మలేదు. ఎఫ్‌బీఐకి అయిదు వేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి, వాటిలో వెతకదగ్గవి వందకు మించలేదు. డిసెంబరు 16న నాలుగు ప్రభుత్వ సంస్థలు కలిసి ప్రకటన ఇచ్చాయి. చట్టప్రకారం ఎగిరే డ్రోన్లు, సరదా డ్రోన్లు, పోలీసు డ్రోన్లు, విమానాలు, హెలికాప్టర్లు, నక్షత్రాలు, ఇవే అని. మేరీలాండ్ మాజీ గవర్నరు ఒకాయన, లారీ హోగన్, తన ఇంటి మీద డజన్లకొద్దీ డ్రోన్లని వీడియో తీసి పెడితే, అందులో ఉన్నది ఓరియన్ నక్షత్రాలని చూసినవాళ్ళు చెప్పారు. ఓరియన్ అంటే ఏమిటో తెలుసా? మన గొల్లకావిడి! రాత్రి ఎంతయిందో చెప్పడానికి, తోటకు నీళ్ళు మళ్ళించే వేళ తెలుసుకోవడానికి మన రైతులు చూసే మూడు చుక్కలు. అమెరికా మాజీ గవర్నరుకు అవి డ్రోన్లయ్యాయి.

అక్కడ అసలు చిక్కేమిటంటే, ఆ ప్రకటన రావడానికి దాదాపు నెల పట్టింది. ఆ నెలంతా ఏమిటో తెలియదు, భయం మాత్రం లేదు అంటూ వచ్చారు. ఏమిటో తెలియనప్పుడు భయం లేదని ఎలా తెలిసింది అని జనం అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2025 జనవరి చివర్లో కొత్త ప్రభుత్వం వచ్చి, వాటిలో చాలామటుకు విమానయాన శాఖ అనుమతితోనే పరిశోధనకు ఎగిరాయి అంది. ఆ మాట ముందే అని ఉంటే!

నవ్వుకునే కథలు ఇక్కడితో చాలు. 2025 వర్షాకాలంలో పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఊళ్ళలో ఒక పుకారు లేచింది. దొంగలు డ్రోన్లతో ఇళ్ళను చూసుకుని రాత్రి వచ్చి దోచుకుంటున్నారని. అమ్రోహా, మొరాదాబాద్, బిజ్నోర్ జిల్లాల్లో మగవాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. ముజఫర్‌నగర్ పోలీసులు ఇద్దర్ని పట్టుకున్నారు. వాళ్ళు చేసింది ఏమిటంటే, పావురాల కాళ్ళకు ఎర్రవీ పచ్చవీ దీపాలు కట్టి చీకట్లో వదలడం. ముఖ్యమంత్రి, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే గ్యాంగ్‌స్టర్ చట్టం, అవసరమైతే జాతీయ భద్రతా చట్టం కూడా పెట్టమన్నారు. పావురానికి ఏ చట్టం పెట్టాలో నాకు తెలియదు గానీ, భయం అప్పటికే ఊళ్ళు దాటింది. అక్టోబరులో రాయబరేలీ జిల్లాలో ఒక దళితుణ్ణి, దారిన పోతున్నవాణ్ణి, డ్రోన్ దొంగని అనుమానించి కొట్టి చంపారు. ఆకాశంలోంచి ఎవరూ రాలేదు. చంపింది నేల మీది మనుషులే.

అందుకే ఇదంతా కాలక్షేపం కబురుగా చెప్పడం లేదు. మన కొండల్లో ఇది ఇంకా సున్నితం. కాశీపూర్ వైపో నియమగిరి వైపో ఒక కొంధు పల్లెను తలచుకోండి. 2013లో నియమగిరి మీద పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. సిజిమాలి కొండ మీద ఇప్పటికీ గొడవ నడుస్తోంది. అలాంటి ఊరి మీద ఒక మధ్యాహ్నం డ్రోన్ జుమ్మని తిరిగితే ఆ మనిషి ఏమనుకోవాలి? ఊరి ఇళ్ళకు హద్దులు కొలిచి కాగితమిచ్చే స్వామిత్వ సర్వేనా? 2020లో మొదలైన ఆ పథకంలో కొలిచేది డ్రోన్లే. గనుల సర్వేనా? గంజాయి వెతుకులాటా? పోలీసులా? ఎవరో పెళ్ళికొడుకు ఫొటోలా? అన్నింటి చప్పుడూ ఒకటే. రాయి విసిరితే చదువులేనివాడంటారు. ఎవరిదని అడిగితే చెప్పేవాడు ఆ పూట అక్కడ ఉండడు.

అదే డ్రోన్‌కు పేరూ ఊరూ తెలిస్తే సంగతి వేరు. నువాపడా జిల్లాలో 2023 ఫిబ్రవరిలో, నడవలేని ఒక మనిషికి పింఛను డబ్బు డ్రోన్ మీద ఇంటి ముంగిటికి వచ్చింది. అడవి దారిలో పాకుతూ ఆయన పంచాయతీ ఆఫీసుకు రావడం చూడలేక సర్పంచే ఆ డ్రోన్ కొనిపించారు. ఆ ఊళ్ళో ఎవరూ భయపడలేదు. ఎందుకు భయపడతారు? అది వాళ్ళ సర్పంచిది.

చట్టం లేదని కాదు. 2021 ఆగస్టు చివర్లో డ్రోన్ నిబంధనలు వచ్చాయి, సెప్టెంబరు 24న దేశపటం వచ్చింది. పచ్చ, పసుపు, ఎరుపు అని ఆకాశాన్ని పంచారు. పచ్చచోట నాలుగు వందల అడుగుల దాకా అనుమతి అడగనక్కర్లేదు. ఎరుపుచోట కేంద్రం అనుమతి లేకుండా కుదరదు. కారుకు నెంబరున్నట్టు డ్రోన్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. అయితే కారు నెంబరు దారిన పోయేవాడు చదవగలడు. నాలుగు వందల అడుగుల ఎత్తున ఉన్న నెంబరును ఎవరు చదవాలి? 2025 జనవరి 5 తెల్లవారుజామున పూరీ జగన్నాథుడి గుడి మీద ఒక డ్రోన్ అరగంట తిరిగింది. ఎగరకూడని చోటు, అందరికీ తెలిసిన చోటు, కాపలా ఉన్న చోటు. వెతకడానికి పోలీసు బృందాల్ని వేశారు. జగన్నాథుడికే ఆ గతి అయితే కాశీపూర్ పల్లెకు ఎన్ని బృందాలు వేస్తారు?

నా కోరిక చాలా చిన్నది. డ్రోన్ సర్వే ఉంటే ముందురోజు ఊరి చావిడిలో ఒక కాగితం అంటించండి. ఒడియాలో రాయండి, గుణుపురం, రాయగడ వైపు తెలుగులో కూడా రాయండి. కువి, సవర భాషల్లో నోటితో చెప్పించండి. ఈ కొండల్లో కాగితం కంటే మనిషి నోటి మాటకు, రేడియోకు నమ్మకం ఎక్కువ. బంగాళాఖాతం మీద పైలట్లకు చెప్పినదాంట్లో ఒక్క వాక్యం చాలు, సాయంత్రం వార్తల చివర చదివితే సరిపోతుంది: రేపు చీకటివేళ తూర్పున వెలుగు కనిపించవచ్చు, అది మనదే.

మన వంతు కూడా కొంత ఉంది. ఏదైనా కనిపిస్తే ముందు ఒక చోట నిలబడి, చూరు అంచుకో చెట్టుకొమ్మకో దాన్ని ఆనించి చూడండి. పది నిమిషాల్లో కాస్తే జరిగితే నక్షత్రమో గ్రహమో. రెండు చేతులు అడ్డుపెట్టి చెవి ఒగ్గండి, దగ్గరి డ్రోన్‌కు తుమ్మెద చప్పుడుంటుంది. పెట్టె దొరికితే విప్పకండి, బహుమతి పోతుంది. కొత్త మనిషి చేతిలో డ్రోన్ కనబడితే కర్ర తీయకండి, పేరడగండి. ఫోన్లో వచ్చిన వీడియోను పదిమందికి పంపేముందు అది ఏ ఊరిదో, ఏ ఏటిదో చూడండి.

ఆ రాత్రి సంగతి ఒకటి చెప్పడం మరిచాను. నేను ఉల్కలు అన్నాక పక్కింటి అత్తకు నమ్మకం కుదరలేదు. ఆవిడ మేనల్లుడు భువనేశ్వర్‌లో సర్కారీ కొలువులో ఉన్నాడు, ఏ శాఖో ఇక్కడ చెప్పను. అతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మా వీధి వీధంతా వినేలా అడిగింది. "ఒరే నాయనా, ఆకాసంలో దీపాల దండ పోయింది. మీ ఆఫీసుకేటైనా తెలుసేటి?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత అతని గొంతు వినిపించింది.

"మేమూ మేడెక్కి దాన్నే చూశాం అత్తా. మీకేటైనా తెలిస్తే చెప్పండి."